వాలెన్సియాలో ఒక్క రోజు, అమ్మానాన్నలతో: ఎక్కడ తిరగాలి, ఎప్పుడు తినాలి

మీరు అడిగింది ఇదీ: మే నెలలో మాడ్రిడ్ నుంచి బార్సిలోనా వెళ్తూ మధ్యలో వాలెన్సియాలో ఒక పగలు, ఒక రాత్రి ఆగుతున్నారు, వెంట అమ్మానాన్నలు ఉంటారు, నాన్నగారికి మోకాళ్ళ నొప్పులు, అమ్మగారు గుడ్డు కూడా ముట్టరు, వీడియోలు చూసి పద్నాలుగు చోట్లు రాసి పెట్టుకున్నారు, అవన్నీ ఒక్క రోజులో అవుతాయా అని.

అవ్వవండీ. ఉరుకులు పరుగుల మీద తిరిగితే ఒక తొమ్మిదో పదో అవుతాయేమో గానీ సాయంత్రానికి నాన్నగారు హోటల్ మంచం దిగరు, అమ్మగారు పొద్దుట్నుంచీ బిస్కెట్ల మీదే ఉన్నట్టు తేలుతుంది. నేను చాలా ఏళ్ళుగా ఈ ఊళ్ళోనే ఉంటున్నాను, మనవాళ్ళు ఎవరు వచ్చినా ఒకటే చెబుతాను. ఇక్కడ రోజు మొత్తం తిండి వేళల్ని బట్టి నడుస్తుంది. పదిన్నరకు ఒక దిట్టమైన టిఫిన్, రెండింటికి అన్నం, ఆరు ఏడు మధ్య ఓర్చాతా అనే చల్లటి పానీయం, రాత్రి తొమ్మిది దాటాక చిన్న చిన్న ప్లేట్లు. ముందు ఈ నాలుగింటినీ ఖాయం చేసుకుని, చూడాల్సినవి వాటి మధ్యలో ఎన్ని పడితే అన్నే పెట్టుకోండి. మన వేళల ప్రకారం పన్నెండున్నరకు భోజనం, ఏడింటికి రాత్రి తిండి అనుకుని వెళ్తే వంటిల్లు ఇంకా తెరవని హోటళ్ళు కనబడతాయి, లేదా టూరిస్టుల కోసమే రోజంతా తెరిచి ఉంచే చోట్ల పడతారు. ఈ రెండో రకం దగ్గర తిన్నవాళ్ళే తర్వాత "స్పెయిన్ తిండి ఏం బాలేదు" అంటుంటారు. నాకు అది వింటే నిజంగా బాధేస్తుంది.

ముందు ఏ రోజు వెళ్ళాలో చెబుతా. వీలైతే గురువారం పెట్టుకోండి, ఆదివారం మాత్రం వద్దు. ఆదివారం సెంట్రల్ మార్కెట్ మూసేస్తారు, అది లేకపోతే మీ పొద్దుటి పూట సగం పోయినట్టే. గురువారం ఎందుకో కింద చెబుతాను.

మాడ్రిడ్ నుంచి ఏవీఈ అనే హైస్పీడ్ రైలు రెండు గంటల లోపే దించేస్తుంది. దిగేది హ్వాకిన్ సొరోయా స్టేషన్‌లో. అక్కడి నుంచి కొద్ది నిమిషాల నడకలో పాత స్టేషన్, ఎస్తాసియో దెల్ నోర్ద్, 1917లో తెరిచారు. మీ రైలు అక్కడికి రాకపోయినా లోపలికి ఒకసారి వెళ్ళి చూడండి, గోడల నిండా పింగాణీ పలకల మీద నారింజ పళ్ళు, పువ్వులు. టికెట్ అక్కర్లేదు, పది నిమిషాల పని. వీధుల్లో కూడా ఎక్కడ చూసినా నారింజ చెట్లే. అవి చేదు రకం, అందం కోసం పెంచేవి, కాయలు కనిపించినా కోసుకుని తినకండి. తియ్యటివి మార్కెట్లో దొరుకుతాయి, మేకి సీజన్ చివర అయినా ఇంకా బావుంటాయి.

హోటల్లో సామాను పడేసి నేరుగా సెంట్రల్ మార్కెట్‌కి వెళ్ళండి. 1928లో తెరిచిన కట్టడం, పైన ఇనుము, గాజు, రంగు పలకలతో పెద్ద గుమ్మటం, ఆ గుమ్మటం మీద గాలివాటు చూపించే చిలక బొమ్మ. ఇప్పటికీ ఊరివాళ్ళు రోజూ కూరగాయలు, చేపలు కొనుక్కునే మార్కెట్టే ఇది, కాబట్టి బండి తోసుకుంటూ వచ్చే ముసలమ్మలకు దారి ఇవ్వండి, ఫొటో కోసం దారికి అడ్డంగా నిలబడకండి. మధ్యాహ్నం మూడింటికల్లా కట్టేస్తారు. చేపల వైపు అమ్మగారిని తీసుకెళ్ళకండి, బతికున్న నత్తలు, పాముచేపలు కూడా ఉంటాయి. పప్పుధాన్యాల కొట్ల వైపు వెళ్ళండి. అక్కడ వెడల్పాటి తెల్లటి చిక్కుడు గింజ కనిపిస్తుంది, దాని పేరు గర్రోఫో, మధ్యాహ్నం అన్నంలో అదే వస్తుంది. పక్కనే ముడతలు పడ్డ గోధుమరంగు చిన్న గడ్డలు ఉంటాయి, అవే చూఫాలు, సాయంత్రం తాగే ఓర్చాతా వాటితోనే చేస్తారు. మన పొలాల్లో ఎంత పీకినా పోని తుంగ ఉంటుంది చూడండి, దాని దగ్గరి చుట్టమే ఈ మొక్క. వాలెన్సియా పక్కనే అల్బొరాయా అనే ఊరి చుట్టూ దీన్ని పంటగా వేస్తారు. అమ్మగారి చేతిలో నాలుగు గింజలు పెట్టి నమలమనండి, కాస్త గట్టిగా ఉన్నా కొబ్బరీ బాదం కలిసిన తీపి తగులుతుంది.

ఇక పదిన్నర టిఫిన్. దీన్ని ఇక్కడ ఎస్మోర్సరెట్ అంటారు, వాలెన్సియా మనుషులకు ఇది చాలా ఇష్టమైన పూట. మార్కెట్ చుట్టుపక్కల వీధుల్లో ఏ మామూలు బార్‌లోనైనా పనివాళ్ళు, ఆఫీసు వాళ్ళు గుంపులుగా కూర్చుని ఉంటారు. కూర్చోగానే అడగకుండానే ఆలివ్‌లు, పొట్టు తీయని వేయించిన వేరుశనగ కాయలు తెచ్చి పెడతారు. అవును, కాయలే, చేత్తో ఒలుచుకుని తొక్క బల్ల మీదే పోస్తారు. తర్వాత సగం రొట్టె పొడుగునా చీల్చి లోపల ఏదో ఒకటి కుక్కిన శాండ్‌విచ్, చివర్లో కాఫీ. నాన్నగారు మాంసం తినేవారే అయినా బీఫ్, పంది మాంసం పట్టింపు ఉంటే ముందే చూసుకోవాలి. బ్రస్కాదా అని ఉంటే అందులో బీఫ్, హామ్ రెండూ ఉంటాయి, చివితో అంటే పంది మాంసం. ఏ గొడవా లేనిది తొర్తియా, అంటే బంగాళాదుంపల ఆమ్లెట్, రొట్టెలో పెట్టి ఇస్తారు. అమ్మగారికి గుడ్డు కుదరదు కాబట్టి "పాన్ కాన్ తొమాతె" అడగండి, కాల్చిన రొట్టె మీద తాజా టమాటా గుజ్జు, ఆలివ్ నూనె, ఉప్పు, అంతే. చాలా బావుంటుంది, కడుపు కూడా నిండుతుంది. కాఫీలో క్రెమాయెత్ అనేది ఒకటి ఉంది, రమ్ములో పంచదార, నిమ్మ తొక్క, దాల్చిన చెక్క, కాఫీ గింజలు వేసి మంట పెట్టి దాని మీద కాఫీ పోస్తారు. మద్యం పుచ్చుకునే అలవాటు ఉన్నవాళ్ళు ఇది వదులుకోకూడదు.

మార్కెట్ ఎదురుగానే, రోడ్డు దాటితే లోన్హా, పాత కాలం పట్టు వర్తకుల బజారు. కట్టడం 1482లో మొదలైంది, 1996లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. మీ పద్నాలుగింటిలో పదమూడు కొట్టేసినా ఇది ఉంచండి. పెద్ద హాల్లోకి అడుగు పెట్టగానే తాడు పేనినట్టు మెలితిరిగిన రాతి స్తంభాలు పైకి వెళ్ళి, అక్కడ కొమ్మల్లా విడిపోయి కప్పులో కలిసిపోతాయి. నాన్నగారిని గోడ వారగా ఉన్న రాతి అరుగు మీద కూర్చోబెట్టండి. తల పైకెత్తి గోడలు చూస్తే నాలుగు పక్కలా చుట్టూ నల్లటి పట్టీ మీద బంగారు రంగు లాటిన్ అక్షరాలు ఉంటాయి. దాని భావం సుమారుగా ఇది: నేను పదిహేనేళ్ళలో కట్టిన పేరున్న ఇల్లు. పౌరులారా, మాటలో మోసం లేని, పొరుగువాడికి ఇచ్చిన మాట తప్పని, డబ్బు వడ్డీకి తిప్పని వ్యాపారం ఎంత మంచిదో రుచి చూడండి. అలా చేసే వర్తకుడికి సంపద పొంగిపొర్లుతుంది, చివరికి శాశ్వత జీవితం దక్కుతుంది. బేరాలు జరిగే చోట, బేరమాడే ప్రతివాడి కళ్ళకీ ఎదురుగా ఈ మాట రాయించి పెట్టారు. మా నాన్న కొట్టు నడిపిన మనిషి, ఆయనకు ఇది చదివి చెప్పినప్పుడు చాలాసేపు అక్కడి నుంచి కదల్లేదు.

ఇప్పుడు గురువారం సంగతి. లోన్హా నుంచి మెల్లగా నడుచుకుంటూ పదకొండున్నర దాటేసరికి కథీడ్రల్ దగ్గర అపోస్తలుల ద్వారం ముందుకి చేరండి. ప్రతి గురువారం మధ్యాహ్నం పన్నెండింటికి అక్కడ నీళ్ళ న్యాయస్థానం కూర్చుంటుంది, త్రిబునాల్ దె లాస్ అగ్వాస్. ఊరి చుట్టూ ఉన్న పొలాలకు నీళ్ళిచ్చే ఎనిమిది కాలువల ప్రతినిధులు, వాళ్ళూ రైతులే, నల్లటి వదులు చొక్కాలు తొడుక్కుని గుండ్రంగా కుర్చీల్లో కూర్చుంటారు. ఒక్కో కాలువ పేరు గట్టిగా పిలిచి, ఫిర్యాదులున్నాయా అని అడుగుతారు. నీళ్ళు దొంగతనంగా మళ్ళించుకున్నాడనో, తన వంతు కాని వేళ తూము ఎత్తాడనో ఎవరైనా ఫిర్యాదు చేస్తే అక్కడికక్కడే నోటిమాటగా విచారించి తీర్పు చెప్తారు, పై కోర్టులో అప్పీలు ఉండదు. అరబ్బుల పాలన కాలం నుంచీ నడుస్తున్న ఆనవాయితీ అంటారు, 2009లో యునెస్కో దీన్ని కూడా గుర్తించింది. చాలా వారాలు ఫిర్యాదులే ఉండవు, పేర్లు పిలవడం, నిశ్శబ్దం, లేచి వెళ్ళిపోవడం, ఐదారు నిమిషాల్లో అయిపోతుంది. ఇంతేనా అని కొందరు పెదవి విరుస్తారు. గోదావరి డెల్టాలోనో కృష్ణా ఆయకట్టులోనో కాలువ చివరి భూములున్న ఇంట్లో పుట్టినవాళ్ళకు మాత్రం ఆ ఐదు నిమిషాల్లో ఏముందో ఎవరూ చెప్పక్కర్లేదు.

కథీడ్రల్ లోపల చూడాల్సింది ప్రధానంగా ఒకటి, ఏసుక్రీస్తు కడపటి విందులో వాడిన పాత్ర ఇదేనని నమ్మే రాతి గిన్నె, ఒక పక్క గదిలో గాజు వెనక ఉంటుంది. 1982లో పోప్ జాన్ పాల్, 2006లో పోప్ బెనెడిక్ట్ ఇక్కడికి వచ్చినప్పుడు దాంతోనే ప్రార్థన జరిపారు. గంటల గోపురం మిగెలెతెకి 207 మెట్లు, ఇరుకైన మెలికల మెట్లు, నాన్నగారు వద్దు. మీరు ఒక్కరూ ఎక్కి వస్తానంటే వాళ్ళను పక్కనే ప్లాసా దె లా విర్హెన్‌లో ఫౌంటెన్ దగ్గర కూర్చోబెట్టండి.

ఒంటిగంటకల్లా ట్యాక్సీ ఎక్కేయండి. చాలామంది అన్నం బీచ్ దగ్గర తింటారు, అదీ తప్పు కాదు గానీ మీకు నేను చెప్పేది ఎల్ పాల్మార్. ఊరికి దక్షిణంగా అల్బుఫేరా అనే పెద్ద మంచినీటి సరస్సు ఉంది, దాని చుట్టూ వరి పొలాలు, ఆ పొలాల మధ్య ఉన్న చిన్న పల్లె ఇది. ట్యాక్సీలో అరగంట ప్రయాణం, సిటీ బస్సు కూడా ఉంది గానీ పెద్దవాళ్ళతో వద్దు. మేలో వెళ్తున్నారు కాబట్టి పొలాలన్నీ నీళ్ళు నిండి అద్దాల్లా ఉంటాయి, అప్పుడే విత్తనం చల్లే సమయం. ఇక్కడ నారు పోసి ఊడ్చరు, నేరుగా వెదజల్లుతారు. జులై నాటికి పచ్చగా కమ్ముకుంటాయి, సెప్టెంబరులో కోతలు.

ఇక్కడి అన్నం, అంటే పాయెయా గురించి కొంచెం ఎక్కువే చెబుతా, ఎందుకంటే మనవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఇది మధ్యాహ్నం తినే అన్నం, ఇక్కడి వాళ్ళు రాత్రిళ్ళు తినరు. ముందు రోజే మీరు తినబోయే హోటల్‌కి ఫోన్ చేసి ఎంతమంది, ఏ రకం అన్నం అన్నది చెప్పి బుక్ చేసుకోండి, సెలవు రోజుల్లో ఇది మరీ తప్పనిసరి. ఒక పెనం కనీసం ఇద్దరికి అన్న లెక్కలోనే చేస్తారు. మీరు చెప్పాక అరగంట, ముప్పావుగంట ఆగాల్సి వస్తే సంతోషించండి, అప్పుడు వండుతున్నారన్నమాట. పది నిమిషాల్లో బల్ల మీదకి వచ్చిందంటే అది ఎప్పుడో వండింది, లేదా ఫ్రీజర్‌లోంచి తీసింది. బయట బోర్డు మీద రంగురంగుల ఎనిమిది రకాల పాయెయాల ఫొటోలు ఉన్న హోటల్ జోలికి అసలు వెళ్ళకండి.

అసలైన వాలెన్సియా పాయెయాలో ఉండేవి కోడి, కుందేలు, వెడల్పాటి పచ్చి చిక్కుళ్ళు, గర్రోఫో గింజలు, టమాటా, కుంకుమపువ్వు, ఆలివ్ నూనె, ఒక్కోసారి నత్తలు. బీఫ్ ఉండదు, ఈ ప్రశ్న అందరూ అడుగుతారు కాబట్టి ముందే చెప్తున్నా. నాన్నగారికి కుందేలు వద్దనిపిస్తే సెన్యోరెత్ అన్నం చెప్పండి, రొయ్యలూ అవీ అన్నీ ఒలిచి వేస్తారు, చేత్తో పీక్కోవాల్సిన పని ఉండదు. బియ్యం పొట్టిగా గుండ్రంగా ఉండే రకం, వేశాక గరిటె పెట్టి కలపరు, వెడల్పాటి పెనంలో పలచగా పరుచుకుని ఉడుకుతుంది. మన నాలుకకు మొదటి ముద్ద కొంచెం పలుకుగా ఉందనిపిస్తుంది, కంగారు పడి వెనక్కి పంపకండి, అది అలాగే ఉండాలి. అడుగున పెనానికి అంటుకుని గోధుమరంగులో కరకరలాడే పొర ఉంటుంది, సోకర్రాత్ అంటారు, ఇళ్ళల్లో దాని కోసం పోట్లాడుకుంటారు. చెంచాతో గీరి నాన్నగారి ప్లేట్లో వేయండి. చాలామంది ఇక్కడ ప్లేట్లు కూడా పెట్టుకోరు, పెనం మధ్యలో పెట్టి ఎవరి ముందు భాగం వాళ్ళు అంచు నుంచి మధ్యకి తినుకుంటూ వస్తారు.

అమ్మగారికి కూరగాయల పాయెయా, "పాయెయా దె వెర్దూరాస్". మీరూ ఆ పూట అదే తినండి, అప్పుడు ఇద్దరి లెక్క సరిపోతుంది, పెనం వేరుగా వస్తుంది. నాన్నగారి పెనం ఒక్కరికి చేస్తారేమో ఫోన్‌లోనే అడగండి, కాదంటే దానికీ ఇద్దరి లెక్కే. ఇక్కడ శాకాహారం అంటే మాంసం ముక్కలు కనబడకపోవడం అని అనుకునే వంటవాళ్ళు ఇంకా ఉన్నారు, కూరగాయల అన్నాన్ని కోడి ఉడికిన నీళ్ళతో వండేస్తారు. కాబట్టి ఫోన్‌లోనే గట్టిగా అడగాల్సిన మాట "కాల్దో దె వెర్దూరాస్?", అంటే కూరగాయల రసంతోనే కదా అని. మిగతా అన్నిచోట్లా "సిన్ కార్నె, సిన్ పెస్కాదో, సిన్ వేవో" అనండి, మాంసం చేప గుడ్డు లేకుండా అని. పచ్చి కూరల సలాడ్ కదా అని ధీమాగా ఉంటే దాని మీద ట్యూనా చేప, ఉడికిన గుడ్డు చల్లి తెస్తారు, సలాడ్‌కి కూడా ఈ మంత్రం చదవాల్సిందే. మొహమాటపడకండి, అడిగితే ఎవరూ విసుక్కోరు. పాయెయా ఒక్కదానికే మనిషికి 15 నుంచి 25 యూరోల మధ్య అనుకోండి. టిప్పు తప్పనిసరి కాదు.

తిన్నాక పడవ. ఎల్ పాల్మార్ రేవుల్లో అడుగు చదునుగా ఉండే పడవలు ఉంటాయి, సరస్సు లోతు మీటరు చుట్టుపక్కలే కాబట్టి పాతకాలంలో గడకర్రతో నెట్టేవాళ్ళు, ఇప్పుడు చాలావాటికి ఇంజన్లు. ఎక్కేటప్పుడు నాన్నగారికి చెయ్యి అందిస్తే చాలు, తర్వాత ముప్పావుగంట కూర్చోవడమే. రెల్లు దుబ్బుల మధ్య నుంచి వెళ్తుంటే కొంగలు దగ్గరగా కనిపిస్తాయి. సూర్యాస్తమయం పడవలే బావుంటాయని అందరూ రాస్తారు, నిజమే, కానీ మేలో పొద్దు గూకేది రాత్రి తొమ్మిది ప్రాంతంలో, మీ రోజుకు అది నప్పదు. తిరుగు ట్యాక్సీ అక్కడ వీధిలో దొరకదు, భోజనం చేసిన చోటే పిలవమని అడగండి.

ఐదున్నర నుంచి ఒక గంట హోటల్లో నడుం వాల్చండి. ఊరంతా ఆ పనే చేసి లేచి ఉంటుంది.

ఏడింటికి ఓర్చాతా. కథీడ్రల్ దగ్గర సాంతా కతలీనా అనే పాత దుకాణం ఉంది, గోడలకు పింగాణీ పలకల బొమ్మలు, పాలరాతి బల్లలు. చూఫాలు నానబెట్టి రుబ్బి పిండి, ఆ పాలలో పంచదార కలిపి చల్లగా ఇస్తారు. ఆవుపాలు ఉండవు. దీనితో ఫార్తోన్ అని పొడుగాటి మెత్తటి బన్ను ఇస్తారు, ముంచుకు తినాలి, కానీ మామూలుగా దాంట్లో గుడ్డు పడుతుంది. అమ్మగారికి చుర్రోస్ ఉంటే చెప్పండి, అవి పిండి, నీళ్ళు, ఉప్పు మాత్రమే, కానీ వేయించే నూనె సంగతి అడిగి మరీ తినిపించండి. సీసాల్లో అమ్మే ఓర్చాతా తాగి ఇదేనా అనుకోకండి, రెండింటికీ సంబంధమే లేదు.

అక్కడి నుంచి తూరియా తోట. ఒకప్పుడు ఇది నది. 1957 అక్టోబరు 14న వరదొచ్చి ఊరు మునిగింది, కనీసం 81 మంది పోయారు. ఆ తర్వాత నదిని ఊరికి దక్షిణంగా కొత్త కాలువలోకి మళ్ళించారు. ఖాళీ అయిన పాత నదీగర్భంలో హైవే వేద్దామనుకుంటే జనం ఒప్పుకోలేదు, ఈ నదీగర్భం మాది, పచ్చగా కావాలి అని పోరాడి సాధించుకున్నారు. ఇప్పుడు తొమ్మిది కిలోమీటర్ల పొడుగునా తోట, పైన పాత వంతెనలు అలాగే ఉన్నాయి, కింద నీళ్ళ బదులు పిల్లలు, సైకిళ్ళు, చెట్లు. 2024 అక్టోబరు వరదల్లో ఈ ప్రాంతంలో 200 మందికి పైగా చనిపోయారు, ఆ కొత్త కాలువ నగరాన్ని కాపాడింది గానీ దానికి అవతల ఉన్న పైపోర్తా, కతర్రోహా లాంటి ఊళ్ళు దెబ్బతిన్నాయి. ట్యాక్సీ డ్రైవరో, హోటల్ మనిషో ఆ ఊళ్ళవాళ్ళే అయి ఉండొచ్చు, మాట వస్తే సరదాగా తీసుకోకండి.

తోట మొత్తం నడవక్కర్లేదు. ఎనిమిదింపావుకి ట్యాక్సీలో నేరుగా తోట చివర్లో ఉన్న సిటీ ఆఫ్ ఆర్ట్స్ అండ్ సైన్సెస్ దగ్గర దిగండి, ఎక్కువ భాగం సాంతియాగో కలత్రావా గీసిన తెల్లటి పెద్ద కట్టడాలు, చుట్టూ పలచటి నీళ్ళు. బయట తిరగడానికి టికెట్ లేదు, కూర్చోవడానికి గట్లు ఉన్నాయి, ఎండ తగ్గేవేళ ఆ తెలుపు మీద రంగులు మారుతుంటాయి. అక్వేరియం మంచిదే కానీ సగం రోజు తినేస్తుంది, చిన్నపిల్లలు లేరు కాబట్టి వదిలేయండి. మీ జాబితాలోని మిగతా మ్యూజియాలు కూడా.

రాత్రి తొమ్మిదిన్నరకు రుసాఫా పేట. మధ్యాహ్నం అన్నం బరువుగా ఉంటుంది కాబట్టి ఎవరికీ పెద్దగా ఆకలి ఉండదు. వేయించిన చిన్న పచ్చిమిరపకాయలు, పిమియెంతోస్ దె పద్రోన్, అమ్మగారికి తప్పక నచ్చుతాయి. బ్రావాస్ అని బంగాళాదుంపలు చెప్తే పైన వేసే తెల్ల సాస్ వద్దనండి, అందులో గుడ్డు ఉంటుంది. ఎస్గర్రాయెత్ అని ఎర్ర మిరప కూరలా కనబడేది శాకాహారం కాదు, ఎండు చేప ఉంటుంది. అగ్వా దె వాలెన్సియా అని జగ్గులో నారింజ రసంలా కనబడేదాంట్లో కావా వైన్, వోడ్కా, జిన్ ఉంటాయి, అమ్మగారి ముందు పెట్టే ముందు చూసుకోండి. అమ్మగారికి అప్పటికి పప్పన్నం మీద మనసు పోతే ఆ పేటలోనే భారతీయ హోటళ్ళు కూడా ఉన్నాయి, ఒక పూటకు అందులో తప్పేమీ లేదు.

మర్నాడు బార్సిలోనాకి రైల్లో మూడు గంటల ప్రయాణం, సముద్రం వైపు కిటికీ కావాలంటే వెళ్ళే దిక్కులో కుడి పక్క సీట్లు తీసుకోండి. ఊళ్ళో స్టేషన్లు రెండున్నాయి కదా, టికెట్ మీద ఏ పేరుందో రాత్రే చూసి పెట్టుకోండి. తేదీలు ఖాయమయ్యాక చెప్పండి, ఎల్ పాల్మార్‌కి ఫోన్ చేసి కూరగాయల పెనం సంగతి స్పానిష్‌లో నేనే మాట్లాడి పెడతాను.